రాజుగారు ఇప్పుడే లేచి వెళ్ళిన గది

నా భార్య కోటలో పని చేసేది. ఆ కోటలో ఇప్పుడు రాజులు లేరు. బస్సుల్లో వచ్చే యాత్రికులు టికెట్టు కొని, చెప్పుల మీద గుడ్డ తొడుగులు వేసుకుని, తాడు కట్టిన దారి వెంట గది తరువాత గది చూసి వెళ్ళిపోతారు. లోపలి మహల్లో ఆ గదులను ప్రతి ఉదయం సర్దడం ఆమె ఉద్యోగం.

సర్దడమంటే దుమ్ము దులపడం ఒక్కటే కాదు. ఆమె చేరిన రోజున అప్పటి అధికారి అన్నారట: "అమ్మా, గది శుభ్రంగా ఉంటే చాలదు. రాజుగారు ఇప్పుడే లేచి పక్కగదిలోకి వెళ్ళినట్టు ఉండాలి." ఆ ఒక్క మాట మీద ఆమె అన్నేళ్ళూ పని చేసింది. మహల్లో అందరూ ఆమెను గదులక్క అనేవాళ్ళు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఎక్కడెక్కడి జనమో వచ్చి చూసే ఆ గదులను ఊళ్ళోనే ఉన్న నేను చూడలేదు. మహల్ తెరిచి ఉండేది నేను పాఠాలు చెప్పే బడి వేళల్లోనే. సెలవు పెట్టి వస్తానంటే ఆమె ఒప్పుకునేది కాదు. "మీరొస్తే నాకు నవ్వొస్తుంది. నవ్వొస్తే చెయ్యి కుదరదు" అనేది. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే నేను అడిగేవాణ్ణి, రాజుగారు కులాసాగా ఉన్నారా అని. "మహా కులాసా. రాజును చూసిన కళ్ళతో మొగుణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందంటారు. కాసేపు నా కంటబడకండి" అని వంటింట్లోకి వెళ్ళేది.

ఈ ఏడు బడులు తెరిచిన కొత్తలో ఆమె పోయింది. మామూలు జ్వరమనుకున్నాం. కాదు. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

ఒక మధ్యాహ్నం బడి వరండాలో కాపీ పుస్తకాలు దిద్దుతున్నాను. మహల్లో తెరలు కుట్టే ఆవిడ వచ్చింది. ఆమె నా భార్యను అక్కా అని పిలిచేది గనుక నేను ఆమెకు బావగారిని. గదుల పని ఇప్పుడు ఆమె మీద పడింది.

"బావగారూ, ఒక మాట అడుగుదామని వచ్చాను. కోప్పడకూడదు."

"మొదలే కోప్పడే మాట అయితే కూర్చుని అడుగు."

ఆమె బెంచీ మీద కూర్చుంది. "అక్క గదులు ఎలా సర్దేదో ఇంట్లో ఎప్పుడైనా చెప్పిందా?"

"లేదు."

"ఒక్క ముక్క కూడానా? మొగుడూ పెళ్ళాలు ఏం మాట్లాడుకునేవారు మరి?"

"నెలాఖరు గురించి."

ఆమె నవ్వలేదు. రాజుగారు చదువుకునే గది దగ్గర జనం నిలబడటం లేదని చెప్పింది. మునుపు ఆ గుమ్మం దగ్గర బస్సు బస్సంతా ఆగిపోయేదట. తాడు పట్టుకుని లోపలికి వంగి, గొంతు తగ్గించి మాట్లాడుకునేవారట. ఇప్పుడు ఒక చూపు చూసి ముందుకు పోతున్నారు. కొత్త అధికారి అది కనిపెట్టాడు. రాజుగారి మైనపు బొమ్మ చేయించి కుర్చీలో కూర్చోబెడతానంటున్నాడు. జనం బొమ్మ పక్కన ఫొటోలు తీసుకుంటారట.

"శనివారం యాత్రల కంపెనీ నుంచి ఒకావిడ వస్తోంది, వచ్చే ఏడాది బస్సులు పంపాలా వద్దా అని చూడటానికి. ఆవిడ కూడా పెదవి విరిస్తే ఇక బొమ్మే. బొమ్మ వచ్చి కూర్చుంటే అక్క పని ఏం మిగులుతుంది? ఉన్నవాళ్ళ కోసం ఎవరైనా ఎదురు చూస్తారా?"

చివరి మాట అన్నాక ఆమె నాలుక కరుచుకుంది. నేను ఎర్రసిరా కలానికి మూత పెట్టాను.

శుక్రవారం ఒక పూట సెలవు పెట్టి వెళ్ళాను. అందరిలాగే టికెట్టు కొన్నాను. గైడు నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. కోట గోడలు, ఫిరంగులు, దర్బారు దాటి వరండాలోకి వచ్చాం. అక్కడ రాజుగారి నిలువెత్తు చిత్రపటం ఉంది. ఆ పక్కదే చదువుకునే గది.

"రాజుగారు మనిషి పొట్టి" అన్నాడు గైడు. "ఎలా తెలుసంటారా? కాళ్ళు పెట్టుకునే పీట చూడండి, కుర్చీకి ఎంత దగ్గరగా ఉందో. మరి పటంలో ఆరడుగులున్నాడేమంటారా? గీసినవాడు జీతం తీసుకున్నాడు కదండీ."

జనం నవ్వి ముందుకు సాగారు. నేను తాడు దగ్గర ఉండిపోయాను.

కుర్చీ బల్లకు ఎదురుగా లేదు, కిటికీ వైపు సగం తిరిగి ఉంది, వెలుతురు ఎడమనుంచి పడేలా. వీపు వెనక ఉండాల్సిన మఖమల్ దిండు నడుము దగ్గరికి, ఒక పక్కకు జారి ఉంది. కుర్చీ చేతిమీద పుస్తకం బోర్లా పెట్టి ఉంది. దానిమీద కళ్ళజోడు తలకిందులుగా ఉంది. పీట దగ్గర జరీ చెప్పుల జతలో ఎడమది తిరగబడి ఉంది.

నా కుడికన్ను చిన్నప్పటి నుంచీ బలహీనం. వెలుతురు ఎడమనుంచి పడితే తప్ప చదవలేను. నా నడుముకు దిండు కావాలి. కుర్చీలో కూర్చుంటే నా కాళ్ళు నేలకు సరిగా ఆనవు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆఖరి జనం వెళ్ళిపోయాక తెరలావిడ వచ్చి తాడు విప్పింది.

"చూశారా" అంది.

"ఇది నా కుర్చీ."

"అక్క చెప్పలేదన్నారుగా."

"చెప్పలేదు."

అప్పుడు ఆమె చెప్పింది. ఉదయం నేను బడికి వెళ్ళాక నా భార్య ఇంట్లో నా కుర్చీ దగ్గర కాసేపు నిలబడేదట. దాన్ని మనసులో పెట్టుకుని, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా, నేరుగా ఇక్కడికి వచ్చి సర్దేదట.

"రోజుకో రకంగా ఉండేది బావగారూ. ఒకనాడు పుస్తకం చేతిమీద, ఒకనాడు కింద. 'ఇవాళ మాస్టారికి ఆలస్యమైంది, చెప్పు తిరగబడింది' అనేది. మాస్టారు కాదక్కా, రాజుగారు అంటే, 'ఆయన్ని నేను చూశానా ఏమిటి' అనేది. రాజును చూసిన కళ్ళంటారే, అక్కవి మొగుణ్ణి చూసిన కళ్ళు. వాటితోనే రాజును చేసింది."

నేను పటం వైపు చూశాను. ఆరడుగుల మనిషి. ఇన్నేళ్ళుగా ఎంతమంది ఆ తాడు మీద వంగి, లేచి వెళ్ళిన నా కోసం గొంతు తగ్గించారో.

"మరి నువ్వు రోజూ ఎలా సర్దుతున్నావు?" అన్నాను.

"నేనా? అమ్మో. పుల్ల కదపలేదు. చుట్టూ ఊడుస్తానంతే. అక్క ఆఖరిసారి పెట్టింది పెట్టినట్టే ఉంచాను." దిండు చూపించింది. "ఆ గుంట చూడండి. అక్క మోచేత్తో నొక్కింది. ఈ కుర్చీలో తను ఒక్కనాడూ కూర్చోలేదు. మోచేత్తోనే."

దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. గుంట చాలావరకు పూడిపోయింది. మఖమల్ నెమ్మదిగా పైకి లేస్తోంది. పుస్తకం అట్టమీద, కళ్ళజోడు అద్దాల మీద సన్నటి దుమ్ము. ఇప్పుడే వెళ్ళినవాడి కళ్ళజోడు మీద దుమ్ము ఎందుకుంటుంది? జనం ఎందుకు ఆగడం లేదో అర్థమైంది. ఇంట్లో అద్దం ముందు నా భార్య దువ్వెన పెట్టినచోటే ఉంది. దాని పళ్ళ మధ్య కూడా ఇలాగే దుమ్ము పట్టింది. తుడిస్తే ఒక వెంట్రుక పోతుందని తుడవలేదు.

"దీన్ని కదపాలి" అన్నాను.

"నా వల్ల కాదు. ప్రయత్నించాను, పక్కగదిలో. దిండును గుద్దితే గుద్దినట్టే ఉంది, మనిషి కూర్చున్నట్టు లేదు." నేల చూస్తూ అంది: "మీరు కూర్చుని లేస్తే?"

కూర్చుంటే ఆమె చెయ్యి నొక్కిన ఆ గుంట పోతుంది. ఆమె చెయ్యి ఆఖరిసారి చేసిన పనిలో మిగిలింది అదొక్కటే. కూర్చోకపోతే బొమ్మ వస్తుంది, అప్పుడూ పోతుంది. లెక్క తేలికే. కాళ్ళే కదల్లేదు.

"కుర్చీ విరిగితే?" అన్నాను చివరికి.

"రాజుగారు మీకు మూడింతలుంటాడు. దాని సంగతి అది చూసుకుంటుంది."

దిండు మీద అరచెయ్యి ఒకసారి ఆనించాను. తరువాత కూర్చున్నాను.

"ఇంటర్వ్యూకి వచ్చినట్టు కూర్చున్నారేమిటి? వెనక్కి వాలండి. చదవండి" అని కళ్ళజోడు తుడిచి, పుస్తకం దులిపి, రెండూ చేతికిచ్చి, ఆమె పక్కగదిలోకి వెళ్ళిపోయింది. అక్కణ్ణించి కొత్త తెరకు గుడ్డ చింపుతున్న చప్పుడు వినిపించింది.

అది వేటల పుస్తకం. రాజుగారు ఏ అడవికి వెళ్ళారో, ఎవరెవరు వెంట ఉన్నారో, వాన పడి ఎన్నిసార్లు ఉత్త చేతులతో తిరిగి వచ్చారో. మొదట అక్షరాలు కనిపించలేదు. కుర్చీ కొంచెం తిప్పుకున్నాను. అప్పుడు కనిపించాయి. ఉత్త చేతులతో తిరిగి వచ్చిన రోజులే ఎక్కువ. వాటిని రాసిన గుమాస్తా ప్రతిసారీ తప్పు వానదే అన్నాడు. మూడో పేజీకి నవ్వొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించి తల ఎత్తాను. పక్కగదిలో అలికిడి ఉంది. ఆ క్షణంలో అక్కడ ఉన్నది ఎవరో మరిచిపోయాను.

"ఇది విన్నావా" అన్నాను.

అలికిడి ఆగింది.

కావలివాడు గేటు గంట కొట్టాడు. బడి గంటకు లేచినట్టే చటుక్కున లేచాను. పుస్తకం ఎక్కడ పెట్టానో, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. గుమ్మం దాటాక వెనక్కి తిరగబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు. ఇక సవరించకండి."

శనివారం కూడా సెలవు పెట్టాను. కంపెనీ ఆవిడ నడుస్తూనే మాట్లాడే మనిషి. బస్సులు ఎక్కడ ఆగుతాయి, మరుగుదొడ్లు ఎన్ని, ముసలివాళ్ళు మెట్లు ఎలా ఎక్కుతారు అని అడుగుతూ, జవాబులు ఫోనులో కొట్టుకుంటూ వచ్చింది. అధికారి పక్కనే పరుగులాంటి నడకతో వస్తున్నాడు. గైడు, తెరలావిడ, నేను వెనక.

చదువుకునే గది దగ్గర కంపెనీ ఆవిడ మాట సగంలో ఆగింది. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. గైడు రాజుగారి పొడుగు సంగతి ఎత్తలేదు.

"ఇక్కడ ఒక బొమ్మ పెడదామని..." అధికారి మొదలుపెట్టాడు.

ఆమె అటు చూడకుండానే పెదవుల మీద వేలు పెట్టింది. తాడు మీద వంగి లోపలికి చూసింది. దిండు మీద గుంట పెద్దదిగా, మొరటుగా ఉంది. నాది. ఇంట్లో ఉదయాన్నే ఇలాంటిదే చూసి, అది పూడిపోకముందే ఇక్కడికి చేరాలని ఒక మనిషి రోజూ ఎలా నడిచి వచ్చిందో, దారిలో ఎందుకు మాట్లాడేది కాదో తెలిసింది. నా భార్య కూడా ఇక్కడే, ఈ తాడు పక్కనే నిలబడి చూసి ఉంటుంది, కుదిరిందా లేదా అని.

కంపెనీ ఆవిడ ఉన్నట్టుండి తాను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డానని గమనించింది. పక్కగది వైపు ఒకసారి చూసి, దారి ఇస్తున్నట్టుగా వెనక్కి జరిగింది. అధికారి కూడా జరిగాడు.

నేను గోడకు ఆనుకుని, ఇంకొక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డాను.