మూతల మీద పేర్లు

పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తియ్యగానే ల్యాబ్ అటెండర్ చేసే మొదటి పని కసరడం. "అబ్బబ్బ, కాస్త నోళ్లు మూసుకోండర్రా!"

ఆ జీవశాస్త్రాల కాలేజీలో బ్యాక్టీరియా పెంచే గాజు ప్లేట్లకి అదో అలవాటు. వాటిల్లో బ్యాక్టీరియాకి మేతగా మీడియం పోసేటప్పుడు పక్కనున్నవాళ్లు ఏం మాట్లాడితే అది పట్టేసుకుని, వెచ్చబడ్డాక వాళ్ల గొంతుతోనే అప్పజెప్తాయి. ఒకదాంట్లో పాట, ఒకదాంట్లో హాస్టల్ వార్డెన్ మీద తిట్లు.

ఆ రోజు మూతలకి చెమ్మ పట్టిందని అన్నీ తీసి, తుడిచి పెట్టేశాడాయన. పేర్లుండేది అడుగున కదా, ఏ మూత దేనికి పెడితే ఏం?

"బాబాయ్... నేను మూతల మీద రాశాను."

క్లాసంతా 'ఉలకదు పలకదు' అని పిలిచే అమ్మాయి. నలుగురి ముందు నోరు పెగలక రెండుసార్లు వైవా పోగొట్టుకుంది ఈ పిల్ల. ఇవాళ్టిదే ఆఖరి అవకాశం, ప్లేటు చూపించందే వైవాకి రానివ్వరు. ఇంకో గంటే ఉంది.

"మొదటిరోజే చెప్పానుగా తల్లీ, అడుగున రాయమని! సర్లే, ఏడవకు."

ఒక్కో ప్లేటూ చెవి దగ్గర పెట్టుకున్నాడు. పాట. తిట్టు. మళ్లీ పాట. ఇరవయ్యో దాంట్లో సన్నగా ఈ పిల్ల గొంతు, "ఈ బ్యాక్టీరియా మొక్క వేళ్లకి నైట్రోజన్ అందిస్తుంది సార్..."

"ఇదేంటే?"

"ఎవరూ లేనప్పుడు వైవా ప్రాక్టీస్ చేసుకున్నా, బాబాయ్."

వైవాలో పరీక్షకుడు ప్రశ్న వేశాడు. పిల్ల నోరు తెరిచింది, మాట రాలేదు. బల్లమీద పెట్టిన తన ప్లేటు జవాబు చెప్పింది. ఆయన చెవి ఒగ్గి విని, మార్కులేసుకుని ఇంకోటి అడిగాడు. ప్లేటు అదీ చెప్పింది.

"మరి నేల ఉప్పుబారితే?"

ప్లేటు కిక్కురుమనలేదు. తలుపు దగ్గర బాబాయ్ చేతిలోని గుడ్డని మెలిపెట్టేస్తున్నాడు.

పిల్ల ప్లేటు మీద మెల్లగా చెయ్యి వేసింది. "దాన్నేమీ అనకండి సార్. అది పోసినప్పటికి నేనింకా ఆ పాఠం చదవలేదు."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు చదివాను," అంది. చెప్పడం మొదలుపెట్టింది. ఆయన చాలమ్మా అనేదాకా ఆపలేదు.

రెండ్రోజుల తర్వాత ఇంక్యుబేటర్ తెరిస్తే, లోపల ఓ కొత్త ప్లేటు మిగతావాటి గోలని మించి వాగుతోంది. ఎవరిదో తెలుసుకోడానికి అడుగున చూడక్కర్లేకపోయింది.

బాబాయ్ అన్నిటినీ కసిరాడు. దాన్నొక్కదాన్నీ ఏమీ అనలేదు.