రిపోర్టు రెండో పేజీ

బాణలిలో పొంగుతున్న పిండిముక్కలను జానిల్ జల్లిగరిటెతో ఒక్కొక్కటే తిరగేస్తోంది. అవి అత్తగారు కూలాష్ ప్రయాణానికి. మధ్యాహ్నం రైలుకు ఆవిడ అత్యరావు ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తోంది. వెళ్తే మళ్ళీ చలి మొదలయ్యాకే కిజిలోర్దాలోని ఈ ఇంటికి రావడం.

"మాడ్చకే అమ్మాయ్! మా అమ్మాయి నన్నేమీ అనదు, నిన్నే అంటుంది," అంది కూలాష్ పెట్టె సర్దుకుంటూ. "పోనీలే. పేగులు శుభ్రంగా ఉన్నాయన్నారుగా, మాడినవైనా అరిగించుకుంటా."

జానిల్‌కు నవ్వు రాలేదు. ముంజేతికున్న వెండి కడియం పొయ్యి సెగకు వేడెక్కి చురుక్కుమంది.

ఆమధ్య కూలాష్ అన్నయ్య పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. అప్పటినుంచి కడుపులో ఏం కదిలినా ఆవిడకు అదే భయం. లోపలికి గొట్టం వేయించుకోనని మొండికేస్తే, డాక్టరమ్మ పేగుకి సీటీ స్కాన్ రాసింది. ఇరవై మూడు రోజుల కిందట రిపోర్టు తేవడానికి జానిల్ వెళ్ళింది. మొదటి పేజీలో "పెద్దపేగులో కణితులు లేవు" అన్న వాక్యం కనబడగానే, మిగతాది చదవకుండా ఇంటికి పరుగెత్తింది. గుమ్మంలోంచే "సూయిన్షీ! సూయిన్షీ!" అని కేక పెట్టింది. ఆ కేకతో శుభవార్త తెచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపకూడదు. కూలాష్ తన పెళ్ళినాటి కడియం తీసి కోడలికి తొడిగి, ఏడ్చేసింది. వీధిలో కనబడ్డవాళ్ళందరికీ, "నా కోడలి నోట మంచి తప్ప రాదు," అని చెప్పుకుంది.

మర్నాడు కాగితాలు బీరువాలో పెడుతుంటే రెండో పేజీ బయటపడింది. "పేగు వెలుపల" అన్న మాట కింద రెండే వాక్యాలు. ఎడమ మూత్రపిండంలో మూడు సెంటీమీటర్ల గడ్డ. మందు ఎక్కించి మరో స్కాన్ త్వరగా తీయాలి.

జానిల్ ఫోన్ చేస్తే డాక్టరమ్మ అంది: "ఒకటి వెతుకుతుంటే ఇలాంటివి బోలెడు కనబడతాయమ్మా, చాలావాటితో ఏమీ కాదు. దీని వాలకం మాత్రం నాకు నచ్చలేదు. రెండు వారాల్లో తీసుకురా. ఇప్పుడైతే చిన్న ఆపరేషన్‌తో పోవచ్చు."

చమురు బావుల దగ్గర పనిలో ఉన్న భర్త బొలాత్‌కు చెబితే ఫోన్‌లోనే కసిరాడు. "నువ్వు నోరెత్తకు. చెడు కబురు కోడలు చెప్పడమేంటి? పెద్దాయన ఎవరైనా కూర్చోబెట్టి మెల్లగా చెప్పాలి. నేను వచ్చాక చూద్దాం." వచ్చాడు. తల్లి ముఖంలో సంతోషం చూశాడు. "ముసలి ఒళ్ళన్నాక పాతగోడలా మచ్చలుంటాయిలే," అని మళ్ళీ పనికి వెళ్ళిపోయాడు.

నిజానికి, అతను వద్దన్నప్పుడు జానిల్‌కు హాయిగా అనిపించింది.

"అబ్బా!" పెట్టె ఎత్తబోయి కూలాష్ నడుం పట్టుకుంది. "నాలుగు రోజుల్నుంచి ఈ పక్క లాగుతోంది."

"ఏ పక్క?"

"ఎడమ పక్క. ఏం, నొక్కుతావా?"

జానిల్ పొయ్యి ఆపేసింది. చేతులు తుడుచుకుని బీరువాలోంచి కాగితం తెచ్చింది. "రిపోర్టుకు రెండో పేజీ ఉంది, అత్తయ్యా."

కూలాష్ కళ్ళద్దాలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"నీకెప్పుడు తెలుసు?"

"మర్నాడే."

"వాడికి?"

"తెలుసు."

"డాక్టరమ్మ ఎన్నాళ్ళలో రమ్మంది?"

"రెండు వారాల్లో."

"గడ్డ నాది. దాన్ని దాచడానికి మీరెవరే?"

"ఆయన వద్దన్నారు..." అంటూనే జానిల్ తల అడ్డంగా ఊపింది. "కాదత్తయ్యా. ఆయన మీదకి తోస్తున్నా. మీరు నన్ను మెచ్చుకుంటుంటే బాగుంది. చెబితే అది పోతుందని ఊరుకున్నా."

కూలాష్ తలగుడ్డ బిగించి కట్టుకుంది. రిపోర్టు మడిచి, ఆసుపత్రి కార్డుతో కలిపి చేతిసంచిలో పెట్టుకుంది. "నేనూ వస్తాను," అని జానిల్ ముందుకు రాబోతే, అరచెయ్యి ఎత్తి ఆపింది.

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కోవడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. ఎడమ పక్కకు వంగలేకపోతోంది. సాయానికి వంగే ధైర్యం జానిల్‌కు లేకపోయింది. చివరికి కూలాష్ గోడ పట్టుకుని లేచి, పెట్టెవైపు గానీ కోడలివైపు గానీ చూడకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.