పిడి లేని ఉలి

“దేవుడి గదికి గడియెందుకు? దేవుడేమన్నా పారిపోతాడా?” అన్నారు మా ఆయన, పదేళ్ల కిందట. ఇల్లు కట్టుకుంటున్న రోజులవి. ఏ తలుపుకి ఏమేం కావాలో వడ్రంగి చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. పడగ్గదులకి, స్నానాల గదికి, మా ఆయన రాతబల్ల ఉండే గదికి లోపలి గడియలు రాయించారు. నాలుగడుగుల వెడల్పున్న ఆ చిన్న గది దగ్గరికి వచ్చేసరికి ఈ మాటన్నారు. వడ్రంగి నవ్వాడు. నేనూ నవ్వాను. నిజానికి మాట బాగానే ఉంది.

ఆ గదిలో నేను రోజూ పొద్దున అరగంట కూర్చుంటాను. కూర్చోవాలనుకుంటాను అంటే సరిగ్గా ఉంటుంది. దీపం పెట్టి కళ్లు మూసుకుంటానో లేదో, తలుపు తెరుచుకుంటుంది. “ఇదిగో, నా కళ్లజోడు చూశావా?” అంటారు ఆయన. “అమ్మా, ఇస్త్రీ బట్టలు వచ్చాయా?” అంటుంది కాలేజీకి వెళ్లే మా అమ్మాయి. “నీ ప్రార్థన కానిచ్చే రామ్మా, తొందరేం లేదు, పాలు పొంగుతున్నట్టున్నాయి” అంటారు మా అత్తగారు. ముగ్గురిలోకీ ఆవిడదే మర్యాద. ఒకరోజు వేళ్ల మీద లెక్కపెట్టాను. అరగంటలో ఏడుసార్లు. దేవుడితో నేను మాట్లాడిన మాటలు అంతకంటే తక్కువే. కోపం రాలేదు. వాళ్లు నన్నేమీ అనలేదు కదా, పిలిచారు, అంతే. పిలిచినప్పుడల్లా పలకడం నా పని అని నేనూ అనుకునేదాన్ని.

మా మేనమామ చనిపోయిన నెల రోజులకి ఆయన కొడుకు ఒక చెక్కపెట్టె తెచ్చి మా వసారాలో దించాడు. మామయ్య వడ్రంగి. బీరువాలు, తలుపులు, తాళాలు, గడియలు. గడియ బిగించడంలో ఆయన తర్వాతే ఎవరైనా అనేవారు.

“నాన్న కాగితాలేం రాయలేదు వదినా. పెట్టె మూత లోపల పెన్సిల్‌తో నీ పేరు రాసుంది. మేం చూసింది కూడా ఆయన పోయాకే” అన్నాడు.

“నాకెందుకు రాశాడు?”

“ఏమో. పని నేర్పింది నాకు, పెట్టె రాసింది నీకు” అని నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదు.

మా ఆయన మూతెత్తి చూశారు. “మేనమామ ఏమిచ్చాడని నలుగురూ అడిగితే తుప్పిచ్చాడని చెప్పు” అన్నారు. కొన్నాళ్లపాటు ఇంట్లో అదే హాస్యం. ఎవరు ఫోన్ చేసినా, “మా ఇంటికి ఆస్తి కలిసొచ్చింది తెలుసా” అని మొదలుపెట్టేవారు.

మధ్యాహ్నం గిన్నెలన్నీ తోమి బోర్లించాక వసారాలో పాత దుప్పటి పరుచుకుని కూర్చునేదాన్ని. కిరసనాయిలులో నానబెట్టడం, గరుకు కాగితంతో మెల్లగా రుద్దడం, గుడ్డతో తుడిచి కుట్టుమిషన్ నూనె పట్టించడం. చిన్నప్పుడు సెలవుల్లో మామయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. ఆయన కోసే పలక రెండో కొస నేను పట్టుకునేదాన్ని. “తుప్పు తియ్యి తల్లీ, వయసు తియ్యకు” అనేవాడు. ఎర్రటి తుప్పు కింద ఇనుముకి నల్లటి పొర ఒకటి ఉంటుంది. అది ఏళ్లు పెట్టి వస్తుంది. మెరుపు కోసం దాన్ని కూడా గీకేస్తే ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. నా చేతికి తెలిసింది. ఇరవై రెండేళ్లుగా మాడిన గిన్నెలు తోముతున్న చెయ్యి మరి.

ఒక్కోదాన్నీ గుర్తుపట్టాను. వెడల్పు ఉలి, సన్న ఉలి, బాడిస, మూలమట్టం, బరమా, రెండు రంపాలు. ప్రతిదాని భుజం మీదా ఆకురాయితో గీసిన మూడు చిన్న గాట్లున్నాయి. పరాయి ఇళ్లలో పనిచేసేటప్పుడు తన సామాను ఇంకొకరి సామానులో కలిసిపోకుండా మామయ్య పెట్టుకున్న గుర్తు అది. కొన్నిటికి పిడులు మారాయి. మారిన పిడి మీద బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం. నా వేలు అక్కడ పెడితే కాస్త వెలితిగా ఉండేది.

ఒక్కటి మాత్రం అంతుపట్టలేదు. జానెడు ఇనుప కడ్డీ. రెండు కొసలూ పక్కకి వంగి ఉన్నాయి. రెండు కొసల్లోనూ పదును ఉంది, ఒకటి నిలువుగా, ఇంకొకటి అడ్డంగా. పిడి లేదు, పిడి ఊడిన జాడా లేదు. పట్టుకోవడం ఎక్కడో తెలియని పనిముట్టు ఎవరైనా చేస్తారా?

“గుర్రం డెక్కలు గీకేది” అన్నారు మా ఆయన, తడుముకోకుండా. ఆయన గుర్రాన్ని దగ్గర్నుంచి చూసింది ఎప్పుడో నేనడగలేదు. ఇనుప సామాన్ల కొట్టాయన అటూ ఇటూ తిప్పి, “పళ్ల డాక్టరుదమ్మా ఇది. కాకపోతే ఏనుగుల పళ్ల డాక్టరు” అన్నాడు. మా అమ్మాయి ఫొటో తీసి ఫోన్‌ని అడిగి, “బట్టలు తగిలించుకునే కొక్కెం అంటోందమ్మా” అంది. అందరికీ ఏదో ఒక జవాబుంది. తెలియదన్నది నేనొక్కదాన్నే.

ఆ వారంలోనే మా ఆయన స్నేహితుడొకాయన వచ్చాడు. కొత్తగా హోటల్ తెరుస్తున్నాడు. వసారాలో దుప్పటి మీద వరసగా పేర్చినవాటిని చూసి ఆగిపోయాడు. “అబ్బో, ఎలా బాగుచేశారండీ! మీ ఆవిడ చేతిలో పనుందండోయ్” అన్నాడు మా ఆయనతో. టీ గ్లాసుతో నేను ఆయన ఎదురుగానే ఉన్నాను. “ఇలాంటి పాతకాలం సామాను హోటల్ గోడలకి కొట్టిస్తే ఆ అందమే వేరు. ఆదివారం వచ్చి పట్టుకెళతాను” అన్నాడు.

“పట్టుకెళ్లండి, మాకేం పని” అన్నారు మా ఆయన.

ఆ స్నేహితుడు వెళ్లాక, “అవి నావి కదండీ” అన్నాను.

మా ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. “నీవే. కాదని ఎవరన్నారు? మీ మామయ్య పేరు కూడా గోడ మీద రాయిస్తానన్నాడు. వసారాలో మూలపడి ఉండేకంటే గౌరవం కదా?” అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నా చిక్కే అది. దెబ్బలాడడానికి చోటివ్వని మంచితనం ఆయనది.

సరే, పంపేలోగా పెట్టె అడుగు తుడుద్దామని మిగిలిన రంపపు పొట్టు దులిపాను. పొట్టు కింద ఒక చిన్న మూట. పాత చొక్కా గుడ్డలో చుట్టిన ఇత్తడి గడియ, వేలెడంత. నాలుగు మరలు, గడియ వెళ్లి కూర్చునే రేకు. గడియ అంచున ఆకుపచ్చ రంగు పెచ్చు అంటుకుని ఉంది.

ఆ ఆకుపచ్చ మా పుట్టింట్లో నా గది తలుపుది.

నాకు పదహారేళ్లప్పుడు, పదో తరగతితో చదువు మాన్పించాక, మధ్యాహ్నాలు గడియ వేసుకుని కూర్చునేదాన్ని. ఒక్కోసారి పాత పుస్తకం చదివేదాన్ని, ఒక్కోసారి ఏమీ చేసేదాన్ని కాదు. “ఆడపిల్ల లోపల గడియేసుకుని ఏం చేస్తున్నట్టు?” అన్నాడు నాన్న. గడియ తీయించడానికి మామయ్యకే కబురు పెట్టారు. బిగించింది ఆయనే, చెక్కలో మునిగి కూర్చునేలా. తలుపు పాడవకుండా ఇంకొకరు తీయలేరు. ఆయన వచ్చాడు, నేల మీద కూర్చున్నాడు, తీశాడు. గుంతల్లో అదే చెక్క ముక్కలు కొట్టి, చిత్రిక పట్టి, రంగేశాడు. “అసలు అక్కడ గడియ ఉండేదంటే ఎవరూ నమ్మరు అన్నయ్యా” అంది అమ్మ మెచ్చుకోలుగా. అంత మంచి పని. మామయ్య నన్ను మంచినీళ్లడిగాడు. నా మొహంకేసి చూడలేదు. గడియ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్లయింది. నేను మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదన్నమాట.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. దానికి రెండేళ్ల ముందు అదే గడియ బిగించేటప్పుడు, గోడకీ ద్వారబంధానికీ మధ్య సందులో ఉలి పెట్టి సుత్తి ఎత్తడానికి చోటు చాలలేదు. మామయ్య ఆ వంకర కడ్డీ కొసని సందులోకి దూర్చి, దాని వీపు మీద పక్కనుంచి టకటకా తట్టి, గడియ కూర్చునే గుంత తొలిచాడు. పిడి ఊడిపోలేదు, అసలు పెట్టలేదు. పిడికి కూడా చోటులేని ఇరుకులో పనిచేయడానికే దాన్ని చేశారు.

మర్నాడు పొద్దున దీపం ముందు కూర్చుని దేవుణ్ణి అడిగాను. తలుపేసుకుని నీ దగ్గర కూర్చుంటే నీకేమైనా అభ్యంతరమా స్వామీ అని. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆలోచిస్తే, ఆయన నన్ను ఎప్పుడూ ఏదీ వద్దనలేదు. వద్దన్నవాళ్లంతా ఆయన తరఫున మాట్లాడినవాళ్లే. ఈ లోపల మా అమ్మాయి తలుపు తోసి, “అమ్మా, నా దువ్వెన?” అంది.

శనివారం మధ్యాహ్నం మా ఆయన ఆఫీసులో ఉన్నారు, అమ్మాయి కాలేజీలో. అత్తగారు పడుకున్నారు. గడియని దేవుడి గది తలుపుకి ఆనించి పెన్సిల్‌తో గీత గీశాను. బరమాతో బెజ్జాలు పెట్టాను. సన్న ఉలితో చెక్కాను. మొదటి గుంత కాస్త లోతైపోయింది. మామయ్య చేసినట్టే అడుగున అట్టముక్క పెట్టాను. ద్వారబంధం దగ్గర, గోడ పక్కన, ఆ పిడి లేనిదాన్ని సందులో దూర్చి వీపు మీద తట్టాను. చెక్క చిన్న చిన్న పొరలుగా లేచింది. బొటనవేలు కాస్త తెగింది. నోట్లో పెట్టుకుని, మళ్లీ తట్టాను. నాలుగు మరలూ బిగించి గడియ తోశాను. వెళ్లి కూర్చుంది.

ఆదివారం పొద్దున పనిముట్లన్నీ తుడిచి పెట్టెలో సర్దాను. పెట్టెని ఆ గదిలోకి లాక్కెళ్లాను. కాళ్లు చాపుకోవడానికి చోటు మిగల్లేదు. ముడుచుకుని కూర్చుని, దీపం పెట్టి, గడియ వేసుకున్నాను.

బయట కారు ఆగింది. హోటలాయన గొంతు వినిపించింది. “ఇదిగో, టీ!” అన్నారు మా ఆయన. కాసేపాగి అడుగుల చప్పుడు. తలుపు కదిలింది, తెరుచుకోలేదు. ఇంకోసారి తోశారు.

“చెక్క ఉబ్బినట్టుంది, బిగుసుకుపోయింది” అన్నారు.

“లోపల గడియ వేసుకున్నారేమో” అన్నాడు హోటలాయన.

“దీనికి గడియ లేదండీ.”

“ఉందిరా” అన్న గొంతు మా అత్తగారిది. “నిన్న ఆ టకటకకి నాకు కునుకు పడితేనా!”

ఆవిడ నాతో ఆ మాటే అనలేదు. రాత్రి అన్నం తింటూ నా వేలి కట్టుకేసి ఒకసారి చూశారు, అంతే.

బయటనుంచి తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది, మెల్లగా, వేలి కణుపులతో. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఎవరైనా నాకోసం తలుపు కొట్టడం అదే మొదటిసారి.

కళ్లు తెరవకుండానే, “ఎవరదీ?” అన్నాను.