ఉతకని మరక

మా అత్తయ్యకు మరకల భాష వచ్చని మా ఆయన అంటుంటాడు. అబద్ధమేమీ కాదు. మా లాండ్రీకి ఎవరు ఏ బట్ట తెచ్చినా కౌంటరు మీద పరిచి, ఓసారి వేలితో తడిమి, "ఇది టీ కాదు, తుప్పు. మీవాడు ఏ గేటెక్కాడో అడగండి" అనేస్తుంది. నెత్తురైతే చన్నీళ్ళు, నూనైతే సబ్బు పొడి, దేని వైద్యం దానిదే. ఏ మరకైనా సరే, మా కొట్లో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయకూడదన్నది ఆవిడ శాసనం.

నాకు పని ఎంత వచ్చో నోరు అంతకు రెండింతలు. కాపురానికొచ్చిన కొత్తలో మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూగా ఉండేది. పాప పుట్టాక నేను మంచం దిగలేని రోజుల్లో, నా నెత్తుటి బట్టలన్నీ ఆవిడే ఉతికి ఆరేసింది. ఒక్కసారైనా ముక్కు చిట్లించలేదు. అప్పటినుంచి ఆవిడ దగ్గర నా నోరు కాస్త తగ్గింది. పూర్తిగా కాదులెండి.

ఈ మధ్య ఇంటి బట్టల బుట్టలో అత్తయ్య లోబట్టలు కనిపించడం మానేశాయి. స్నానాల గది ఆస్పత్రిలా మందునీళ్ళ వాసన కొడుతోంది. పాప ఒళ్ళోకి ఎక్కబోతే, "బట్టలు తడిగా ఉన్నాయే తల్లీ" అంటూ పక్కకు జరుగుతోంది. తడి లేదు, గిడి లేదు. అప్పుడే ఇస్త్రీ చేసి కట్టుకున్నవి.

ఒక మధ్యాహ్నం కొట్లో బేరాల్లేని వేళ, బాయిలరు వెనక టబ్బు దగ్గర ఆవిడ చిన్న గుడ్డేదో రుద్దుతూ కనిపించింది. నన్ను చూడగానే దాన్ని నురగ కింద ముంచేసింది.

"ఇంటి బట్టలు నా వంతు కదా అత్తయ్యా?"

"ఇది నాది. నువ్వెళ్ళు."

"నావి మీరు ఉతకలేదా?"

ఆవిడ కుళాయి కట్టేసింది.

"ముట్లాగి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసుగా. ఇప్పుడు మళ్ళీ తడి. నీళ్ళలా, పసుపుగా అవుతోంది. వాసన కూడా. ఒక్కోసారి గులాబీ రంగు."

"గులాబీ అంటే?"

ఊరందరి మరకలూ చదివే మనిషి నా కళ్ళల్లోకి చూడలేకపోయింది. "నెత్తురే" అంది. "మా అక్కకూ ఇలాగే మొదలైంది. అందరికీ తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది."

"తెలిసి తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుందేమోనని."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం నిండా భయమే. ఆవిడ లేని ఈ ఇంటిని ఒక్క క్షణం ఊహించుకుని, మరునాడే డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను.

పరీక్ష గదిలోంచి అత్తయ్య వెనకే డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేస్తూ వచ్చింది. "పొద్దున ఏం వాడారమ్మా?"

"మందునీళ్ళు. లోపలిదాకా కడిగాను." అత్తయ్య గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "డాక్టరు దగ్గరికి మురికిగా రాకూడదు కదా. మొదలైన దగ్గర్నుంచీ రెండు పూటలా కడుగుతున్నాను."

డాక్టరమ్మ కసరలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. లోపలంతా ఎర్రగా ఒరుసుకుపోయింది. ఆ చోటు తనను తానే శుభ్రం చేసుకుంటుందమ్మా. ఏ వయసులోనైనా కాస్త తడి ఉండొచ్చు, అది మురికి కాదు. రంగు మారినా, వాసనొచ్చినా, దురద పుట్టినా లోపల్నించి కబురొచ్చినట్టు. ముట్లాగాక నెత్తురు కనిపిస్తే మాత్రం ఆ కబురు వెంటనే వినాలి. మీరేమో కబురు తెచ్చినవాణ్ణి పట్టుకుని చావబాదుతున్నారు."

"అదేనా? అక్కకొచ్చిందేనా?"

"చాలామందిలో కాదు. చూడకుండా మాత్రం చెప్పలేను. ఇవాళ స్కాన్ తీస్తాను. ఇంత కడిగాక మిగతా పరీక్షలు ఇవాళ చేసినా సరిగ్గా తేలవు. రెండ్రోజులు లోపల ఏమీ వాడకుండా రండి. మరకైన గుడ్డ ఉంటే అలాగే తీసుకురండి."

"ఉతక్కుండానా!" నడిబజార్లో నిలబడమన్నంత పనైంది ఆవిడకు.

ఇంటికి రాగానే మందునీళ్ళ సీసా దాచేశాను. అత్తయ్య స్నానాల గది దాకా వెళ్ళడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం. చివరికి గోడవారగా దూరంగా కూర్చుంది.

"ఇలా నా పక్కకి రండి. నాకేం వాసన రావట్లేదు."

"అబద్ధాలాడకు."

"సరే, కొంచెం వస్తోంది. అయినా రండి."

ఆవిడకు నవ్వాగలేదు. వచ్చి నా భుజానికి ఆనుకుని కూర్చుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎన్నేళ్ళ సబ్బునీళ్ళకో ఆ వేళ్ళు అరిగి నున్నబడిపోయాయి.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరే రోజు పొద్దున, ఖాతాదారుల బట్టలు కట్టిచ్చినంత పొందికగా ఒక చిన్న పొట్లం నా చేతిలో పెట్టింది. నేను విప్పి చూడలేదు, ముక్కుకు దూరంగానూ పట్టుకోలేదు. నా చేతిసంచీలో పెట్టుకున్నాను.

గర్భాశయం మూతి దగ్గర చిన్న కండ పెరిగిందట. డాక్టరమ్మ దాన్ని తీసి పరీక్షకు పంపింది. లోపలి పొర నుంచి కూడా కాస్త తీసి పంపింది. జవాబు వచ్చేదాకా అత్తయ్య కొట్లో ఒకే చొక్కాను పదే పదే ఇస్త్రీ చేసింది. అడిగితే ముడత పోలేదంది. నేనూ పోలేదనే అన్నాను.

"చెడ్డదేమీ కాదు" అని డాక్టరమ్మ చెప్పింది. వాపుకు మందులు, పైపూతకు ఒక క్రీము రాసిచ్చింది. కండ తీసినచోట ఇంకో రెండు మూడు రోజులు కాస్త మరక అవుతుందని, తగ్గకపోతే రమ్మని చెప్పింది. ఆ తర్వాత ఎప్పుడు మళ్ళీ కనిపించినా ఉతికేముందు తనకు చెప్పాలంది.

అత్తయ్య తలూపి బయటికొచ్చింది. వరండాలో బెంచీ మీద కూలబడి ఒక్కసారిగా ఏడ్చేసింది.

"అక్క బట్టలు ఉతికింది నేనేనే అమ్మాయ్. ఎవరికీ తెలియనివ్వకే అంది. మచ్చ కూడా మిగలకుండా ఉతికాను. ఎంత బాగా ఉతికానో!"

ఆవిడ తల గుండెకు హత్తుకుని అక్కడే కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంటి బట్టల బుట్టలో, పాప గౌన్ల మీద, అత్తయ్య గుడ్డ ఒకటి కనిపించింది. మధ్యలో లేతగా ఎర్రటి మరక.

"చన్నీళ్ళలో నానబెట్టు" అంది లోపలి గదిలోంచి, పాపను ఒళ్ళో పెట్టుకుని.

"నాకు తెలుసులే అత్తయ్యా."

ముందు కిటికీ దగ్గర వెలుతురులో పరిచి చూశాను. డాక్టరమ్మ చెప్పినట్టు కాస్తే అయింది, ఎక్కువేం లేదు. ఆ మాట ఆవిడకు చెప్పి, అప్పుడు నీళ్ళలో వేశాను.