త్రినాథ్ రాసిన కొలతల ముక్క

అనకాపల్లి మెయిన్‌రోడ్డులో బట్టల కొట్టు పై అంతస్తులో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ ఉంది. అక్కడ నూకరత్నానిది బిల్డుల పని. ఎవరైనా కోడ్ మారిస్తే దాన్ని మళ్లీ నడిచే ప్రోగ్రాముగా కూర్చి, అంటే బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, బాగుందో లేదో చెప్పే మెషీన్లను ఆమె చూసుకుంటుంది. మెషీన్లు నాలుగే, ప్రాజెక్టులు తొమ్మిది. ఒక్క లైను మారినా తొమ్మిదీ మొదటినుంచి బిల్డయ్యేవి. పొద్దున్న పంపిన మార్పు సంగతి భోజనాలవేళకు గాని తేలేది కాదు.

ల్యాబ్ రిపోర్టుల టీమ్ చూసే తారక్ ఓ సోమవారం ఆమె దగ్గరకు వచ్చాడు.

"అక్కా, రెండు గంటలయ్యింది. నా వంతు రాలేదు. కొత్త మెషీన్లు అడుగుదాం."

"కొన్నా ఇంతే తారక్. అక్కర్లేనివి కూడా బిల్డ్ సేత్తన్నాం. ఎవరి కోడ్ ఎవరికి కావాలో ముందు సూద్దాం."

ఆమె ప్రతి టీమ్ దగ్గరా కూర్చుని కాగితం మీద గీసుకుంది. ఏడు ప్రాజెక్టులకు ఏది ముందో ఏది తర్వాతో వరస కుదిరింది. ల్యాబ్‌కీ మందుల విభాగానికీ మాత్రం కుదరలేదు. ఆ రెండూ ఒకదాని కోడ్ ఒకటి వాడుకుంటున్నాయి. ఏది ముందు బిల్డ్ చెయ్యాలో తెలియదు. వెతగ్గా, మందుల కోడ్‌లో ల్యాబ్‌కు కావలసింది గ్రాములను మిల్లీగ్రాముల్లోకి, అలా కొలతలు మార్చే చిన్న కోడ్ ముక్క ఒక్కటేనని తేలింది. దాన్ని విడదీస్తే చిక్కు తీరిపోతుంది. దాన్ని రాసింది మందుల టీమ్‌లోని త్రినాథ్. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడని అతనికి పేరు. ఇప్పుడూ ఒప్పుకోలేదు.

"అది ఇవ్వనక్కా. ఒకసారి ఎవరో అందులో దశాంశం చుక్క జరిపేసేరు. నేను సూడబట్టి ఆగింది. లేపోతే పిల్లలకి డోసు పదింతలు పడేది."

అతనిది మొండితనమనే ఇన్నాళ్లూ అనుకుంది నూకరత్నం.

"అందుకేనా. అయితే విడిగా పెట్టి నీ కాపలాలోనే ఉంచుదాం. నువ్వు సరే అంటేనే మార్పు. మారితే దాన్ని వాడే అందరి టెస్టులూ ముందు నడుత్తాయి."

"దాని టెస్టులు నేనే రాత్తాను."

"నువ్వే రాయి."

రెండు రోజుల్లో అరవై టెస్టులు రాశాడు. ఒకటి తప్పింది. సిరప్ కొలతలో తను ఎప్పుడో చేసిన పొరపాటు అది. అతనే వచ్చి చెప్పాడు, దిద్దుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త వరస మొదలైంది. తారక్ మార్పు పంపాడు. సంబంధమున్న మూడే బిల్డయ్యాయి. తొమ్మిది నిమిషాలు పట్టింది.

"ఇదేటి, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు తారక్.

త్రినాథ్ కిందికెళ్లి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. మెషీన్లలో రెండు ఖాళీగా ఉన్నాయి. నూకరత్నం కుర్చీ వెనక్కి వాల్చి, వేడి బజ్జీ ఒకటి తీసుకుంది.