కెదార్ అనే క్రియ

స్పానిష్‌లో ‘కెదార్’ అనే క్రియ ఒకటుంది. నిఘంటువు దానికి పదిహేను అర్థాలిచ్చి చేతులు దులుపుకుంది. ఉండిపోవడం, మిగలడం, ఫలానా చోట ఉండటం, కలుద్దామని అనుకోవడం, చొక్కా ఒంటికి నప్పడం, అన్నిటికీ అదే మాట. మనకైతే దేని మాట దానికుంది, హాయి. దాన్ని వంటబట్టించుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నేర్పింది మారిసా.

మా నాన్న మత్తయి ఖతార్‌లో పద్నాలుగేళ్ళు చేసి, ఎవరి మాటో పట్టుకుని స్పెయిన్ వెళ్ళారు. ప్లాస్టిక్ కప్పిన టమాటా తోటల్లో కూలి. సరైన కాగితాలు లేవు. మారిసా కూడా ఆ తోటల్లోనే పనిచేస్తుంది, నాన్న పక్క గదిలో ఉంటుంది. నేను అమలాపురంలో నర్సింగ్ చదివాను. అక్కడి ముసలివాళ్ళని చూసుకునే పనికి నన్ను పిలిపించాలని నాన్న ఆశ. అందుకని మారిసా రోజూ ఫోన్లో ఒక వాక్యం పంపేది, నేను తిప్పి చెబితే నవ్వేది. ఓసారి కొత్త చొక్కాలో ఉన్న నాన్న ఫొటో పెట్టి, ‘లె కెదా గ్రాందె’ అంది. ఆయనకి వదులైందని. మా అమ్మ ఎలీసమ్మ ఆ ఫొటో చూసి, “చొక్కాదేం లేదే, మనిషే తగ్గిపోయేరు,” అంది. నేను పట్టించుకోలేదు. క్రియ అర్థమైందన్న సంబరంలో ఉన్నాను.

జూలైలో ఒక సోమవారం మారిసా దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఏడుస్తూనే, నాకు తెలిసిన మాటలే ఏరి ఏరి వాడింది. నాన్న ఎండకి తోటలో పడిపోయారు, ఆసుపత్రికి చేర్చేలోపే పోయారు. వెంటనే ఇంకోటి: ‘కెదన్ సియేతె దియాస్.’ ఏడు రోజులు మిగిలాయి. ఈలోగా భార్య నోటరీ ముందు సంతకం పెట్టిన ఉత్తరం అందితే, అక్కడి చర్చివాళ్ళు శవాన్ని ఇంటికి పంపిస్తారు. అందకపోతే అక్కడే పూడ్చేస్తారు. నాకు ఒక్క ముక్క కూడా తప్పిపోలేదు. అంత బాగా నేర్చుకున్నాను మరి.

బాబాయి ఇమ్మానుయేలు గారికి చెప్పాను. స్కూలు టీచరు, మా ఇంటికి పెద్దదిక్కు. కళ్ళు తుడుచుకుని, “వదినగారికి ఇప్పుడే చెప్పకమ్మా, బీపీ మనిషి. సీరియస్‌గా ఉందందాం. మెల్లగా చెబుదాం,” అన్నారు.

చావు కబురు చల్లగా చెప్పడం మా పేటలో పద్ధతే. గల్ఫ్‌లో పోయిన ప్రతివాడూ మా దగ్గర నాలుగు రోజులు ఐసీయూలో ఉంటాడు.

“మరి సంతకం, బాబాయ్? నోటరీ రాజోల్లోనే కదా.”

“జెస్సీని రానీ.”

జెస్సీ మా అక్క, హైదరాబాదులో ఉంటుంది. గురువారం వచ్చి, పెరట్లో ఏడ్చి, మొహం కడుక్కుని ఇంట్లోకొచ్చింది. తనూ బాబాయి మాటే పట్టింది, మెల్లగా తనే చెబుతానంది. నిజం చెప్పాలంటే నాకు ఊరటగానే ఉంది, ఆ మాట నా నోటితో చెప్పక్కర్లేదు కదా అని.

నాన్నకి సీరియస్ అని నమ్మి అమ్మ ఉపవాస ప్రార్థన పట్టింది. పేట మొత్తానికి తెలుసు, ఒక్క అమ్మకి తప్ప. ఆడవాళ్ళంతా వచ్చి, చచ్చిపోయిన మనిషిని స్వస్థపరచమని అమ్మతో పాటు మోకరించారు. పక్కింటి పెద్దింట్లమ్మ గారు గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. “ఏడవకండి, ఆయనకేం కాదండీ,” అని అమ్మే ఆవిణ్ణి ఓదార్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నేనూ వాళ్ళ పక్కనే మోకరించాను.

శుక్రవారం చెబుదామనుకుంటే అమ్మకి కళ్ళు తిరిగాయి. శనివారం బాబాయి, ఆరాధన అయ్యాక పాస్టరు గారి చేత చెప్పిద్దామన్నారు. ఆదివారం పాస్టరు గారు వచ్చి, ప్రార్థన చేసి, కాఫీ తాగి, “దేవుడు మేలు చేస్తాడమ్మా,” అని వెళ్ళిపోయారు. సోమవారం, గడువు పెంచమని అక్కడి ఆఫీసులో అడగమని మారిసాకి చెప్పాను. ఆవిడ ఆఫీసు చుట్టూ తిరిగింది. కుదరదన్నారు.

మంగళవారం ఆవిడ ఒక ఫొటో పంపింది. సిమెంటు గోడలో వరసగా శవపేటికలు పెట్టే గూళ్ళు, ఒకదాని మీద పచ్చి సున్నం. పేరు లేదు, నంబరు ఉంది.

అప్పుడు చెప్పాం. సంతకం సంగతీ, గడువు సంగతీ అన్నీ నేనే చెప్పాను. అమ్మ పడిపోలేదు.

“ఎప్పుడు పోయేరు?” అంది.

“కిందటి వారం, సోమవారం.”

“మీకు తెలుసా మరిదిగారూ?”

“ఆయ్, తెలుసండి. మీరు తట్టుకోలేరని...”

“రాజోలెంత దూరమండీ? నడిచెళ్ళయినా సంతకం పెట్టేదాన్ని కదండీ.”

అమ్మ ప్రార్థనకొచ్చి చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసింది.

“వారం రోజులు మీరంతా ఆయన కోసం ఏడ్చేరు,” అంది. “నన్నొక్కదాన్నే ఏడవనివ్వలేదు.”