తర్జుమా కింద సంతకం

బోనస్ చట్టం గురించి ఓఖ్లా ఫ్యాక్టరీలన్నిటిలో నా అంత తెలిసినవాడు లేడని నేను గట్టిగా నమ్మిన రోజులవి. తొంభై ఏడో సంవత్సరం. సివిల్స్ రాద్దామని ఢిల్లీ వచ్చి, మూడుసార్లు తప్పి, కటవారియా సరాయ్‌లో గది మాత్రం వదలకుండా, చివరికి ఒక ప్రింటింగ్ కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే గుమాస్తాగా కుదిరాను. చదివిన చదువు పరీక్షలో పనికిరాలేదు కాబట్టి మనుషుల మీద ప్రయోగించేవాణ్ణి. ఆదివారం అశోకా రోడ్డుకి ఆంధ్రా భోజనానికి వెళ్తే, పక్కవాడు పప్పులో నెయ్యి కలుపుకునేలోపు రెండు సెక్షన్లు వినిపించేవాణ్ణి.

మా కంపెనీ మిక్సీలకీ, కుక్కర్లకీ, మందులకీ డబ్బాల్లో పెట్టే కాగితాలు అన్ని భాషల్లోనూ అచ్చువేసేది. తెలుగు కాగితాలు ఛాయాదేవి గారు రాసేది. విజయనగరంలో బీఏ చదివింది. భర్త లక్ష్మీపతి మిలిటరీలో హవల్దారు. కంటోన్మెంట్ క్వార్టర్స్ నుంచి రోజూ రెండు బస్సులు మారి తొమ్మిదిన్నరకి వచ్చేది. గేటు దగ్గర రిజిస్టర్లో టైమ్ వేసేది, ఆరింటికి మళ్ళీ వేసి వెళ్ళేది. అయినా ఆమెకి జీతం లేదు. మాటకింత అని లెక్కగట్టి నెలనెలా వోచర్ మీద ఇచ్చేవాళ్ళు. కంపెనీ భాషలో ఆమె ఫ్రీలాన్సర్.

రోజూ పొద్దున్న ఇంగ్లీషు కాగితాలు ఆమె ట్రేలో పెట్టడం, సాయంత్రం తెలుగు చేసినవి తీసుకుని తప్పులు చూడడం కూడా నా పనే. ఒక పద్ధతి ఉండేది. తర్జుమా చేసినవాళ్ళు ప్రతి కాగితం చివర సంతకం చేసి తేదీ వెయ్యాలి. రేపు తప్పు దొర్లితే ఎవరిదో తెలియాలి కదా.

ఆగస్టులో ఒకరోజు భోజనాల దగ్గర నా ఉపన్యాసం సాగుతోంది.

"బోనస్ అంటే యజమాని దానం కాదండీ. చట్టం ప్రకారం రావాల్సింది. ఏడాదిలో ముప్ఫై రోజులు పనిచేసి, నెలకి మూడువేల ఐదొందలు దాటకుండా సంపాదిస్తుంటే చాలు. కనీసం ఎనిమిది పాయింట్ మూడు మూడు శాతం. అంటే ఇంచుమించు పదమూడో నెల జీతం."

ఛాయాదేవి గారు ముద్ద చేతిలో పట్టుకుని ఆగింది. "నాకూ వస్తాదేటండీ?"

"ఎందుకు రాదు? పేరు ఫ్రీలాన్సర్ అని పెట్టుకుంటే సరిపోదు. టైముకి వస్తున్నారు, టైముకి పోతున్నారు, వాళ్ళు చెప్పిందే చేస్తున్నారు. చట్టం దృష్టిలో మీరు ఉద్యోగే."

ఆమె మొహం విప్పారింది. "మా ఆయనకి ఏటేటా దసరాకి వచ్చీస్తాది. బోనస్ ఉంటే ఉద్యోగం, లేపోతే కాలక్షేపం అంటారు. కాలక్షేపానికి రెండు బస్సులెందుకు, దీపావళి దాకా చూసి మానీ అన్నారండి. నాకు మానాలని లేదు."

"నిశ్చింతగా ఉండమని చెప్పండి" అన్నాను. నా సొమ్మేదో ఇస్తున్నంత ధీమాగా చెప్పాను.

అక్టోబరు రెండో వారంలో మల్హోత్రా సాబ్ నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు. ఆయనే యజమాని. బోనస్ జాబితాలో నేను రాసిన ఛాయాదేవి పేరు మీద ఎర్రగీత ఉంది.

"యే క్యా హై, ప్రసాద్? ఈవిడ ఫ్రీలాన్సర్ కదా. బోనస్ హక్కు లేదని ఒక లెటర్ రాయించుకో. దీపావళి లోపల ఫైల్లో ఉండాలి." పేరు చోట చుక్కలు వదిలి ఇంగ్లీషులో టైపు చేయించిన కాగితం నా ముందుకు తోశారు. తరవాత నా వైపు చూసి నవ్వారు. "నీ జీతం నాలుగువేల రెండొందలు. నీకు చట్టం ప్రకారం ఏమీ రాదు, తెలుసుగా? నేను ఇస్తేనే. ఈసారి బాగానే ఇద్దామనుకుంటున్నా."

చట్టం చెప్పినవాడికి చట్టం వర్తించదు. ఛాయాదేవి గారిది హక్కు, నాది సాబ్ గారి దయ. అలాంటి లెటర్ రాయించుకున్నా చట్టం ముందు చెల్లదని కూడా నాకు తెలుసు. ఆ ముక్క ఆయనతో అనడానికి నోరు రాలేదు. "ఠీక్ హై సార్" అని బయటికొచ్చాను.

మూడురోజులు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. ఆమె కనబడితే దొంగకు తేలు కుట్టినట్టే ఉండేది. "బోనస్ ఎప్పుడిస్తారండీ?" అని అడిగితే "వస్తుందండీ" అనేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున్న ఆమె ఇంకా రాకముందే మిక్సీ కాగితాల కింద దాన్ని కూడా ట్రేలో పెట్టేశాను. చదువుకుంటుంది, అర్థం చేసుకుంటుంది, సంతకం పెట్టి ఇస్తుంది, లేదా నాలుగు తిట్టి పోతుంది. ఏదైనా నేను నోరు విప్పక్కర్లేదు. ఇంత పిరికివాణ్ణని నాకు అంతవరకూ తెలియదు.

సాయంత్రం మామూలుగానే కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మిక్సీ బ్లేడు ఎలా కడగాలో రాసిన కాగితం కింద, అదే గుండ్రటి అక్షరాల్లో, ఇది ఉంది:

"నేను, ............, ఈ సంస్థలో ఉద్యోగిని కానని, నాకు వీలైన వేళల్లో స్వతంత్రంగా పనిచేయుచున్నానని, బోనసు కోరే హక్కు నాకు ఏ విధంగానూ లేదని, స్వచ్ఛందంగా ఇందుమూలముగా తెలియజేయుచున్నాను."

కింద సంతకం. తేదీ.

ఆమె దాన్ని పని అనుకుంది. తర్జుమా చేసేసింది.

"ఇది ఎవరికోసమండీ?" అంది. "రాస్తుంటేనే ఎలాగో అనిపించింది. ఎవరో పాపం, వాళ్ళ చేత ఇలాంటిది రాయించుకుంటన్నారు."

అప్పుడైనా చెప్పచ్చు. అరనిమిషం పని. "ఎవరో క్లయింటుదండీ" అన్నాను.

"పాపం" అని మళ్ళీ అని, సంచి భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక ఆ కాగితం వైపు చాలాసేపు చూశాను. కిందున్న సంతకం ఆమెదే. చుక్కలు పెట్టిన చోట మాత్రం ఖాళీ. పెన్ను తీసి ఆ ఖాళీలో 'ఎస్. ఛాయాదేవి' అని రాశాను. ఎవరూ చెప్పలేదు. సాబ్ కూడా అంత అడగలేదు. నా అంతట నేనే రాశాను.

మర్నాడు చూపిస్తే ఆయన అటూ ఇటూ తిప్పారు. "తెలుగులోనా?"

"ఆవిడ మాతృభాష సార్. అర్థం కాలేదని రేపు అనడానికి వీలుండదు."

"అచ్ఛా! స్మార్ట్ బాయ్" అన్నారు. "నీ దగ్గరే పెట్టుకో."

ఆ మెప్పుకి లోపల ఎక్కడో సంతోషించాను కూడా. ఈ కథలో నాకు అన్నిటికన్నా సిగ్గనిపించేది అదే.

దీపావళికి ముందురోజు మధ్యాహ్నం అందర్నీ హాల్లోకి పిలిచారు. పేరు పిలిస్తే వెళ్ళి కవరూ, మిఠాయి డబ్బా అందుకోవడం. పిలిచేది నేను. ఛాయాదేవి గారు కొత్త చీరలో ముందు వరసలో నిలబడింది. ఒక్కో పేరు చదువుతుంటే కొంచెం ముందుకి జరిగి, తన పేరు కాకపోతే సర్దుకుని నించునేది. కాగితం మీద నుంచి నేను తల ఎత్తలేదు. జాబితా అయిపోయింది. మిగిలినవాళ్ళకి మిఠాయి డబ్బాలు మాత్రం పంచారు.

డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చింది. "నా పేరు మర్చిపోయేరేటండీ?"

"ఫ్రీలాన్సర్లకి లేదన్నారండీ."

"మీరే కదండీ చెప్పేరు, పేరెట్టుకుంటే సరిపోదని."

అప్పుడు నాలో మరో పాడుబుద్ధి లేచింది. తప్పు ఆమెదన్నట్టు గొంతు కాస్త గట్టి చేశాను. "మీరు రాసిచ్చారు కదండీ, హక్కు లేదని. సంతకం కూడా ఉంది."

"నానేటి రాశాను?" అంది. తరవాత నెమ్మదిగా ఆమె మొహంలో రంగు మారింది. "ఆ క్లయింటుదా?"

ఆమె ఎదురుగా ఉన్న కుర్చీలో కూచుంది. నా జేబులోంచి నాకొచ్చిన కవరు తీసి బల్ల మీద పెట్టాను. మూడువేలు ఉంది అందులో. "ఇది సాబ్ తనంతట తానుగా నాకిచ్చింది, తీసుకోండి. మీ ఆయనతో బోనస్ వచ్చిందని చెప్పండి. మానెయ్యక్కర్లేదు."

కవరు వంక చూసింది గానీ ముట్టుకోలేదు.

"అది మీకు దయతలచి ఇచ్చిందండి. నాను అడిగింది దయ కాదు కదా. మా ఆయనతో అబద్ధం చెప్పి రేపట్నుంచి ఏ మొహంతో బస్సెక్కమంటారు?"

ఆమె చీరచెంగు సవరించుకుంది. తరవాత పనిలో ఏదో తప్పు పోయినప్పుడు మాట్లాడే గొంతుతోనే అంది:

"ఆ కాగితం ఒకసారి ఇస్తారా ప్రసాద్ గారూ? రేపట్నుంచి ఎలాగూ రాను. అందులో 'స్వచ్ఛందంగా' అని ఒక ముక్క రాశాను. అది కొట్టేసి మళ్ళీ సంతకం పెట్టిచ్చేస్తాను. మిగతాది ఏటి రాసుకున్నా వాళ్ళిష్టం."

"కాగితం సాబ్ గారి దగ్గర ఉందండీ. ఆయన వెళ్ళిపోయారు" అన్నాను.

ఆమె తలూపి, మిఠాయి డబ్బా నా బల్ల మీదే వదిలేసి, రిజిస్టర్లో టైమ్ వేసి వెళ్ళిపోయింది.

కాగితం నా సొరుగులోనే ఉంది. ఇవ్వచ్చు. ఇస్తే ఖాళీలో ఉన్న తన పేరు ఎవరి చేతిరాతో ఆమెకి చూడగానే తెలిసిపోతుంది.